చెట్ల రామయ్య సాగు

మా రెడ్డిపల్లి చరిత్ర తెలుసుకోవాలంటే శాసనాలు వెతకక్కర్లేదు, కాలువ గట్టు ఎక్కితే చాలు. ఖమ్మం నుంచి పల్లెగూడెం వంతెన వైపు నాలుగు కిలోమీటర్ల మేర రెండు గట్ల మీదా మొక్కలు నాటిన మనిషి మా ఊరివాడే. ఊరివాళ్లు ఆయన్ను చెట్ల రామయ్య అన్నారు. దేశానికి వనజీవి రామయ్యగా తెలిశారు. అసలు పేరు దరిపల్లి రామయ్య. పుట్టింది 1937 జులై 1న.

విత్తనం విలువ ఆయనకు తెలిసింది తల్లి దగ్గర. ఆమె కూరగాయల గింజలు తీసి, ఎండబెట్టి, వచ్చే పంటకు దాచేది. అప్పట్లో ఏ రైతు ఇంట చూసినా ఇదే పద్ధతి. పాదు మీద ఒక సొరకాయనో బీరకాయనో కోయకుండా వదిలేసి, ముదిరి ఎండాక గింజ తీసేవాళ్లు. రామయ్య ఆ అలవాటును పెరట్లోనే ఉంచలేదు. ఊరి బయట ఎవరిదీ కాని నేలకు తీసుకెళ్లారు.

ఎండాకాలమంతా విత్తనాల వేట, వానలు పడగానే నాటడం: ఇదీ ఆయన సాగు. ఈ పనికి రైతు ఓపిక ఒక్కటే సరిపోదు, రైతు లెక్క కూడా ఉండాలి. వేప గింజ నిలవ ఉండదు. పండు రాలిన కొద్ది వారాల్లోనే నేలలో పడాలి. ఎర్రచందనం కాయ పెంకు గట్టిది, నానబెట్టనిదే తొందరగా మొలకెత్తదు. కానుగ కాయ ఎండల్లో ఎండి రాలుతుంది, తొలకరి దాకా ఆగుతుంది. వేప, కానుగ, రావి, మారేడు, కదంబం, ఎర్రచందనం... చెట్ల గురించి ఎక్కడ ఏ పుస్తకం దొరికినా చదివేవారు. జేబు నిండా గింజలు, సైకిల్ మీద మొక్కలు పెట్టుకుని బయల్దేరేవారు. దారిలో ఖాళీ జాగా కనబడితే దిగి గుంత తవ్వేవారు.

ఈ పనికయ్యే ఖర్చు ఇల్లే మోసింది. విత్తనాల కోసం, మొక్కల కోసం మూడెకరాల పొలం అమ్మేశారు. పొలమే ఆధారమైన ఇంట్లో అలాంటి నిర్ణయం ఒక్కరి వల్ల నిలబడదు. భార్య జానమ్మ ఆయన వెంట నిలిచారు, గింజలు ఏరారు, మొక్కలు నాటారు. కొడుకు పెళ్లి శుభలేఖ మీద కూడా చెట్ల మాటే అచ్చు వేయించారు, వచ్చిన చుట్టాలకు మొక్కలు పంచారు. మనవరాళ్లకు పూల పేర్లు, వనం పేర్లు పెట్టుకున్నారు.

పాత రేకులు, పనికిరాని డబ్బా మూతలు కూడా వదల్లేదు. వాటికి రంగు వేసి, చెట్లను కాపాడమనే మాటలు రాసి ఊళ్లలో తగిలించారు. తలకు, మెడకు 'వృక్షో రక్షతి రక్షితః' అన్న పలకలు కట్టుకునే తిరిగేవారు. పద్మశ్రీ అందుకున్న తరవాతా ఆ పలకలు వదల్లేదు.

ఆ పురస్కారం 2017లో వచ్చింది. అప్పటికే ఆయన నాటిన మొక్కలు కోటి దాటాయని చెప్పేవారు. తెలంగాణ ఆరో తరగతి పిల్లలకు ఆయన జీవితం పాఠమైంది. ఆ పేరు ప్రతిష్ఠలు రాకముందే మా ఊరికి తెలిసిన రామయ్య మాత్రం వేరు: నాటిన మొక్క బతికిందో లేదో చూడ్డానికి మళ్లీ అదే దారిన వచ్చే మనిషి. నాటడం ఒక్క రోజు పని. పశువుల నోటి నుంచీ ఎండ నుంచీ మొక్కను గట్టెక్కించడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లను ఆయన లెక్కపెట్టుకోలేదు.

2025 ఏప్రిల్ 12, శనివారం తెల్లవారుజామున రెడ్డిపల్లిలోని సొంత ఇంట్లోనే గుండెపోటుతో కన్నుమూశారు. వయసు 87. కానుగ కాయలు ఎండి రాలే రోజులవి. ఏటా ఆ రోజుల్లోనే విత్తనాలు ఏరడానికి ఆయన సంచీ పట్టుకుని ఇల్లు కదిలేవారు.