ఒకే చాబీ, ఎనిమిది మంది బావర్చీలు: లినక్స్ తవారీఖ్ నుంచి ఒక సబక్

ఒక దావత్ అనుకోండి. వంటకు ఎనిమిది మంది బావర్చీలు. కానీ సామాను గదికి చాబీ ఒకటే. ఉప్పు కావాలన్నా, నెయ్యి కావాలన్నా దాని కోసం ఇంతెజార్. అంతమందిని పెట్టి ఏం ఫాయిదా? లినక్స్ కెర్నల్‌లో పదిహేనేళ్లు నడిచిన కహానీ ఇదే.

1996లో లినక్స్ 2.0 మొదటిసారి ఒకటికి మించి ప్రాసెసర్లున్న మెషీన్లపై నడిచింది. గడబిడ కాకూడదని కెర్నల్ మొత్తానికి ఒకే తాళం వేశారు. పేరు బిగ్ కెర్నల్ లాక్. ఒక ప్రాసెసర్ లోపలుంటే మిగతావి దర్వాజా దగ్గరే. ఒక కార్డులో వచ్చిన ప్యాకెట్‌ను దారి చూసి ఇంకో కార్డుకు పంపే పని కెర్నల్‌దే కాబట్టి ఆ దెబ్బ నేరుగా దానికి తగిలింది. 2.2లో కూడా వచ్చిన ప్యాకెట్ల పని ఒకసారికి ఒక్క ప్రాసెసర్ మీదే సాగేది. 2001 జనవరిలో వచ్చిన 2.4లో ప్రతి ప్రాసెసర్‌కూ సొంత కతార్ దొరికింది.

ఇంకో మసలా. ప్యాకెట్ వచ్చిన ప్రతిసారీ కార్డు ప్రాసెసర్‌ను పిలిచేది. వరదలా వస్తే ఆ పిలుపులకు జవాబివ్వడంలోనే వక్త్ అయిపోయేది, అసలు పని ఆగేది. అదే ఏడాది జమాల్ హదీ సలీమ్, రాబర్ట్ ఓల్సన్, అలెక్సీ కుజ్నెత్సోవ్ ఒక తర్కీబ్ వివరించారు. పేరు న్యాపీ. మొదటి పిలుపు తర్వాత కార్డును చుప్ చేసి, కతార్ ఖాళీ అయ్యేదాకా ప్రాసెసరే వెళ్లి ప్యాకెట్లు తెచ్చుకుంటుంది.

అయినా కార్డుకు ఒకే కతార్ ఉంటే బోజా అంతా ఒక్క కోర్ మీదే. 2010లో గూగుల్‌కు చెందిన టామ్ హెర్బర్ట్ రాసిన కోడ్, ప్యాకెట్ చిరునామాలను, పోర్టులను చూసి దాన్ని ఏ కోర్‌కు పంపాలో తేల్చింది. ఒకే సంభాషణ ప్యాకెట్లు ఒకే కోర్‌కు వెళ్తాయి, వరుస తప్పదు.

అదే ఏడాది అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు 48 కోర్ల మెషీన్‌పై చూస్తే, తాళం లేనిచోట కూడా కోర్లు ఆగుతున్నాయి. ఒక దారి వివరాన్ని ఎందరు వాడుతున్నారనే హిసాబ్ అంకె ఒకటే. అందరూ దాన్నే మారుస్తున్నారు. ఆ హిసాబ్‌లో కొంత ప్రతి కోర్ తన దగ్గరే ఉంచుకునేలా మార్చి చూపారు.

ఇంత మెహనత్ ఎందుకంటే, 10 గిగాబిట్ లైన్‌లో అతి చిన్న ప్యాకెట్లు నిండుగా వస్తే సెకనుకు 1 కోటి 48 లక్షలు. ఒక్కోదానికి 67 నానోసెకన్లే. మెయిన్ మెమరీ నుంచి ఒక్కసారి డేటా తేవడానికే దాదాపు అంత పడుతుంది.

2011లో 2.6.39తో ఆ పెద్ద తాళం పూర్తిగా పోయింది. బావర్చీలను పెంచడం ఆసాన్. ఒక్కొక్కరికీ తన ఉప్పు డబ్బా తన దగ్గరే ఉండేలా వంటిల్లు సర్దడానికే ఇన్నేళ్లు పట్టింది.