స్ఫోటకపు మచ్చలు - హకీముల పూతమందులు

స్ఫోటకం బారినుండి ప్రాణం దక్కినవారికి ముఖం దక్కేది కాదు. మన పల్లెలు 'అమ్మవారు' అని భయంతో చెప్పుకున్న ఆ వ్యాధి, తగ్గిన తరువాత కూడా చర్మంపై గుంటలై నిలిచిపోయేది. పెండ్లి సంబంధాల వద్ద ఆ గుంటలే ముందుగా కనబడేవి. రోగం పోయాక మిగిలే ఈ బాధ కూడా వైద్యుడు పట్టించుకోవలసినదేనని భావించినవారిలో అబూబక్ర్ ముహమ్మద్ బిన్ జకరియా అల్ రాజీ ముఖ్యులు.

రయ్, బాగ్దాదు నగరాల వైద్యశాలలకు అధిపతిగా పనిచేసి క్రీ.శ. 925 ప్రాంతంలో మరణించిన ఈ హకీము స్ఫోటకం, తట్టులపై 14 అధ్యాయాల చిన్న గ్రంథం వ్రాశారు. ఆ రెండు వ్యాధుల లక్షణాలను విడదీసి వర్ణించినందుకు దానికి పేరు వచ్చింది. ఆ పేరు వెనుక మచ్చల అధ్యాయం మరుగున పడింది. అందులో పూతలకు చెప్పిన సరుకులు చాలావరకు వంటింటివే: ముల్లంగి గింజలు, ఖర్బూజా గింజలు, బాదం, బియ్యపు పిండి, చిక్కుడు జాతి గింజల పిండి. వాటితోపాటు ముర్దాసంగ్ కూడా ఉంది.

అయితే గమనించవలసిన విషయం ఈ జాబితా కాదు. మచ్చకు పూత చెప్పిన అల్ రాజీ, గుంటల విషయానికి వచ్చేసరికి మాట మార్చారు. గుంటలు పూడాలంటే రోగి ఒళ్ళు చేయాలి, తరచు హమ్మాములో స్నానం చేయాలి, ఒళ్ళు బాగా మర్దన చేయించుకోవాలి అన్నారు. అంటే పైపూతతో ఏది సాధ్యమో, ఏది కాదో ఆయనకు తెలుసునన్నమాట. నేటి వైద్యశాస్త్రం ప్రకారం గుంటపడిన చోట చర్మపు లోపొర ధాతువే నశించి ఉంటుంది. దానిని ఏ లేపనమూ తిరిగి నిర్మించలేదు.

మందు చర్మంలోనికి ఎట్లా పోతుంది? ఇబ్నె సీనా (980-1037) 'అల్ ఖానూన్'లో దీనిని చర్చించారు. ఉల్లిని నూరి పట్టు వేస్తే చర్మం పుండవుతుంది, తింటే కడుపులో అట్లా కాదు. సీసపు సఫేదా మింగితే ప్రాణాంతకం, పూస్తే అంత చేటు లేదు. మందులోని సూక్ష్మాంశాలు రంధ్రాల గుండా చొచ్చుకొనిపోతాయనీ, స్థూలాంశాలు పైననే ఆగిపోతాయనీ ఆయన వివరణ. ఈ ఊహలో సగం నిలిచింది. చర్మపు పైపొరలో మృతకణాలు, వాటి నడుమ కొవ్వు ఉంటాయి. కొవ్వులో కరిగే చిన్న అణువులే సులువుగా దాటుతాయి. నీటికి నానిన పొర మరింత దారి ఇస్తుంది. హమ్మాము స్నానానికీ, నూనె కలిపిన మర్హమ్‌కూ అందులోనే అర్థం ఉంది.

సఫేదా విషయంలో మాత్రం ఆయన మాటను అనుమతిగా తీసుకోరాదు. సఫేదా, ముర్దాసంగ్ రెండూ సీసపు పదార్థాలే. పగిలిన చర్మం ద్వారానో, చేతినుండి నోటికో చేరే సీసం శరీరంలో పేరుకుపోతుంది. పసిపిల్లలకు మరీ ప్రమాదం. పాత నుస్ఖాలో ఉన్నది గనుక వాడవచ్చునని వాదించడం, పరీక్షించి చూచే అలవాటున్న అల్ రాజీకి మర్యాద కాదు. ఉల్లి సంగతి వేరు: దాని సారంతో తయారైన మచ్చల లేపనాలు నేడు మందుల దుకాణాలలో దొరుకుతున్నాయి, కాని పరీక్షల ఫలితాలు ఒక్కతీరుగా లేవు.

అల్ రాజీ గ్రంథపు అరబీ మూలం లాటిను అనువాదంతో సహా 1766లో లండనులో అచ్చయింది. జెన్నరు టీకా 1796లో వచ్చింది. స్ఫోటకం భూమిపై లేకుండా పోయిందని ప్రపంచ ఆరోగ్య సభ 1980 మే 8న ప్రకటించింది.