ముత్యపు చిప్ప నుంచి బార్ గ్లాసు దాకా: సముద్రపు లూర్ల కథ

షిఫ్టులో ఇయర్‌ఫోన్ పెట్టుకోనివ్వని చోట పనిచేసేవాళ్లు చాలామంది అడుగుతున్నారు కాబట్టి, ఈ వారం ఎపిసోడ్‌ని ఎప్పటిలాగే ఇక్కడ రాసి పెడుతున్నాం.

చేపల మీద ఎపిసోడ్ చెయ్యమన్న వాళ్లందరిదీ దాదాపు ఒకటే ప్రశ్న: "అన్నా, సముద్రంలో ఏ లూర్ మంచిది? ఏ రంగు కొనాలి?" న్యాయమైన ప్రశ్నే. షాపులోకి వెళ్తే గోడ నిండా వేలాడుతుంటాయి. మంచి బ్రాండ్‌ది ఒకటి కొంటే మనలో చాలామందికి ఒకరోజు కూలీ. అది మొదటి విసురుకే రాయికి తగులుకుని తెగిపోయిందంటే ఆ రాత్రి అన్నం సయించదు. అందుకే ఊరికే పేర్లు చెప్పి వదిలెయ్యకుండా, ఈ వస్తువుల్ని మొదట ఎవరు చేశారు, ఏం చూసి చేశారు అనేది చెప్తాను. ఆ తర్వాత గోడ ముందు నిలబడి మీరే తేల్చుకోవచ్చు.

ముందు ఒక మాట. ఎర అంటే మనకి తెలుసు, రొయ్యో, చేప ముక్కో, వానపామో. లూర్ అంటే ఉత్తుత్తి ఎర. తినడానికి అందులో ఏమీ ఉండదు. చేపని కంటితో, కదలికతో మోసం చెయ్యాలి. ఇప్పుడు దీన్ని ఆట అంటున్నారు, స్పోర్ట్ ఫిషింగ్. దాని రికార్డులు చూసే ఐజీఎఫ్‌ఏ అనే సంస్థ 1939లో పుట్టింది. కానీ ఉత్తుత్తి ఎర అంతకంటే చాలా పాతది. కనిపెట్టినవాళ్లకి అది ఆట కానే కాదు. చేప పడకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది పసిఫిక్ దీవుల వాళ్లది. హవాయి, సమోవా, తహితి, టోకెలావు, ఈ దీవుల్లో సూర చేపల కోసం ముత్యపు చిప్పతో లూర్ చేసేవాళ్లు. అంటే లోపల ముత్యం పెరిగే చిప్ప. దాన్ని వేలెడంత పొడుగ్గా కోసి, రాతి మీద అరగదీసి, చిన్న చేప ఆకారం తెచ్చేవాళ్లు. దానికి ఎముకతోనో తాబేటి డిప్పతోనో చేసిన కొక్కెం కట్టి, తోక దగ్గర ఈకలో, పంది వెంట్రుకలో బిగించేవాళ్లు. పడవ పరుగెడుతుంటే వెదురు గడకి కట్టిన ఈ చిప్ప నీటి పైపైన మెరుస్తూ ఎగురుతూ వస్తుంది. సూర చేప వచ్చి కొడుతుంది.

ఇక్కడ చూడండి వాళ్ల తెలివి. ఆ కొక్కేనికి వెనక్కి తిరిగిన ముల్లు ఉండదు. మన గాలాలకి ముల్లు ఉండేది చేప జారిపోకుండా కదా. వాళ్లకి జారిపోవాలి! గడ ఒక్క ఊపుతో ఎత్తితే చేప గాల్లో లేచి పడవలో పడుతుంది. తాడు వదులవగానే కొక్కెం దానంతట అదే ఊడుతుంది. వెంటనే మళ్లీ నీళ్లలోకి. సూర గుంపు పడవ పక్కన ఉండేది కాసేపే. ఆ కాసేపట్లో గాలం విప్పుకుంటూ కూర్చుంటే ఇంకెన్ని పడతాయి?

ఇక రంగు సంగతి. అన్ని చిప్పలూ ఒకే రంగులో మెరవవు. ఒకటి తెల్లగా, ఒకటి పచ్చని ఛాయతో, ఒకటి ఎర్రటి ఛాయతో ఉంటుంది. మంచి వేటగాడి దగ్గర ఇలాంటివి చాలా ఉండేవి. పొద్దున వెలుతురుకి ఒకటి, మబ్బు పట్టినప్పుడు ఇంకొకటి, ఆ రోజు నీళ్లలో తిరుగుతున్న చిన్న చేపలని బట్టి మరొకటి. ఒకటి పనిచెయ్యకపోతే తీసేసి ఇంకొకటి కట్టడమే. బాగా పడే చిప్పని తండ్రి కొడుక్కి ఇచ్చేవాడు. 18వ శతాబ్దంలో కెప్టెన్ కుక్ ఓడలు ఆ దీవులకి వెళ్లినప్పుడు తెచ్చిన ఇలాంటి వస్తువులు ఇప్పటికీ లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. లండన్‌లో ఉన్నవాళ్లు వీలైతే చూడండి.

జపాన్‌లో ఇంకో దారి. అక్కడి దక్షిణాన, ఇప్పటి కగోషిమా వైపు, స్క్విడ్ పట్టడానికి చెక్కతో రొయ్య ఆకారంలో ఒకటి చెక్కేవాళ్లు. దాన్ని ఎగీ అంటారు, అంటే ఎర కర్ర. పడవలో నుంచి కాలిన కాగడా ముక్క నీళ్లలో పడితే స్క్విడ్ వచ్చి పట్టుకుందని, అక్కడ మొదలైందని ఒక కథ చెప్తారు. కథ నిజమో కాదో గానీ, పాత ఎగీల చెక్కని నిప్పు మీద కమిలించి రంగు తెప్పించేవాళ్లన్నది నిజం. కొన్నిటికి అడుగున బరువు కోసం చిల్లు నాణేలు బిగించారు. డబ్బులు నీళ్లలో పోసినట్టు అంటాం కదా, వాళ్లు నిజంగానే పోశారు.

ఇప్పుడు ఎగీలు గులాబీ, నారింజ, ఆకుపచ్చ, అన్ని రంగుల్లో అమ్ముతున్నారు. అసలు విషయం ఏంటంటే స్క్విడ్‌లలో దాదాపు అన్ని రకాలకీ రంగులు తెలియవు. వాటికి తెలిసేది వెలుగు, నీడ, కదలిక. నీళ్లలో ఎరుపు రంగు కొన్ని మీటర్ల లోతుకే నల్లబడిపోతుంది కూడా. అంచేత ఆ గులాబీ రంగు సగం మన కోసమే అనుకోండి. ముదురుదా, లేతదా అన్న తేడా మాత్రం పనికొస్తుంది.

మూడోది మీకు పేరు తెలిసిందే, రపాలా. లౌరి రపాలా ఫిన్లాండ్‌లో 1905లో పుట్టిన పేద జాలరి. తల్లి ఊరు మారినప్పుడు అక్కడ ఇంటిపేరు బదులు ఊరి పేరు రాసేశారని, అదే నిలిచిపోయిందని చెప్తారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు తప్పు పడి ఎంబసీ చుట్టూ తిరిగిన మన వాళ్లకి ఆ బాధ తెలుసు. ఈయన వేట సముద్రంలో కాదు, పెద్ద చెరువులో. వందల గాలాలకి రోజూ చేత్తో ఎర గుచ్చడం ఆయన పని. అలా చేస్తూ ఒకటి గమనించాడు. పెద్ద చేప గుంపు మొత్తాన్నీ వదిలేసి, కొంచెం పక్కకి ఒరిగి కుంటుతూ ఈదే చిన్న చేపనే కొడుతోంది. 1936లో బెండు ముక్కని చెప్పులు కుట్టే కత్తితో చెక్కి అలాగే కుంటేలా చేశాడు. మెరుపుకి చాక్లెట్ రేకు. పైపూతకి, కొనే స్తోమత లేక, పాత ఫోటో నెగెటివ్‌లు కరిగించి పూశాడు. 1962లో అమెరికా లైఫ్ పత్రికలో దీని మీద వ్యాసం వచ్చింది. మార్లిన్ మన్రో చనిపోయిన ఆగస్టు నెల సంచిక అది, చేతులు మారి మారి చదివారు. ఆర్డర్లు తట్టుకోలేనంత వచ్చాయి. తర్వాత ఆ కంపెనీ సముద్రానికి గట్టి గాలాలతో పెద్ద సైజులు చేసింది. వంజరం వేటకి పడవ వెనక లాగేది వాటినే.

హవాయిలోని కోనా దగ్గర హెన్రీ చీ అనే పడవ సరంగు ఉండేవాడు. యాత్రికుల్ని మార్లిన్ వేటకి తీసుకెళ్లడం ఆయన ఉద్యోగం. మార్లిన్ అంటే మన విశాఖ వైపు కొమ్ముకోనాం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆయన బార్ గ్లాసుల్నే అచ్చులుగా పెట్టి, ప్లాస్టిక్ రెజిన్ పోసి లూర్ తలలు చేశాడు. ఆ తల ముందు భాగం వాలుగా కోస్తే నీళ్లలో మునుగుతూ లేస్తూ, వెనక పొగలాగా బుడగల తోక వదులుతుంది. బతికిన ఎరతో పడవ నెమ్మదిగా వెళ్లాలి, దీనితో వేగంగా పోవచ్చు, ఎక్కువ సముద్రం వెతకొచ్చు. 1959లో అక్కడే పెద్ద అంతర్జాతీయ పోటీ మొదలైంది. మారిషస్‌లో వినేవాళ్లకి ఇది కొత్త కాదు, బ్లాక్ రివర్ నుంచి మార్లిన్‌కి వెళ్లే పడవల వెనక ఇలాంటి తలలే ఎగురుతుంటాయి.

ఇక మన గోడ దగ్గరికి వద్దాం. నా మాట అడిగితే, ఒడ్డు నుంచి విసిరేవాళ్లకి ఖరీదైన లూర్ అక్కర్లేదు. వెండి రంగు లోహపు ముక్క, వేలెడంతది, చవకైనది ఒకటి. దూరం వెళ్తుంది, క్వీన్‌ఫిష్, బరాకుడా కొడతాయి. పళ్లున్న చేపలకి తంగూసు దారం చివర చిన్న ఉక్కు తీగ కట్టండి, లేకపోతే లూర్‌తో సహా పట్టుకుపోతాయి. చలికాలంలో కటిల్‌ఫిష్ ఒడ్డుకొచ్చినప్పుడు ఒక ఎగీ, ముదురు రంగుది. దాన్ని ఒకసారి పైకి గుంజి వదిలెయ్యండి, తొందరపడి చుట్టెయ్యొద్దు. నెమ్మదిగా దిగేటప్పుడే అది వచ్చి పట్టుకుంటుంది. విసిరే ముందు ఐదు నిమిషాలు నీళ్లు చూడండి, అక్కడ తిరిగే పిల్లచేపలు ఎంత సైజులో ఉన్నాయో ఆ సైజే కట్టండి.

మీరున్న చోట చేపలు పట్టడానికి లైసెన్స్ కావాలేమో, ఎక్కడ నిషేధమో వెళ్లేముందే కనుక్కోండి. గదికొచ్చాక లూర్లని మంచినీళ్లలో ఆడించి ఆరబెట్టండి. ఉప్పు పట్టిన గాలానికి వచ్చే సెలవు దాకా ఆగే ఓపిక ఉండదు, తుప్పు పట్టేస్తుంది.