వడదెబ్బ: అంబులెన్స్ వచ్చేలోపు ఏం చేయాలి? ముద్దనూరు వైపు మరింత జాగ్రత్త ఎందుకు?

వేసవి వస్తే ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ సంస్థ మండలాలవారీగా వడగాలుల హెచ్చరికలు ఇస్తుంది. ఆ జాబితాల్లో కడప జిల్లా మండలాలు తరచూ కనిపిస్తాయి. ఫోన్‌కు మెసేజ్ వస్తే 'మన ఎండలు మనకు కొత్తా' అని పక్కన పెట్టేవాళ్లే ఎక్కువ. అధికారిక లెక్కల ప్రకారం 2015లో ఆంధ్రప్రదేశ్‌లో వడదెబ్బతో 1,369 మంది చనిపోయారు. మరుసటి ఏడాది 723 మంది. వాళ్లకూ ఆ ఎండలు కొత్త కాదు.

హెచ్చరికలో అంకెకు అర్థమేంటి?

మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరి, ఆ రోజుల్లో సాధారణంగా ఉండేదానికంటే 4.5 డిగ్రీలు అంతకుమించి పెరిగితే భారత వాతావరణ శాఖ దాన్ని వడగాలిగా లెక్కిస్తుంది. తేడా 6.4 డిగ్రీలు దాటితే తీవ్ర వడగాలి. సాధారణంతో పోల్చకుండానే 45కు చేరితే వడగాలి, 47కు చేరితే తీవ్ర వడగాలి.

అయితే ఈ అంకె గాలి ఆడే తెల్లటి పెట్టెలో, నీడన కొలిచింది. నాపరాయి గనిలో బండ మీద నిలబడినవాళ్లకు, ఎర్రగుంట్ల వైపు సిమెంటు లారీ ఎక్కినవాళ్లకు, థర్మల్ విద్యుత్ కేంద్రంలో బాయిలర్ దగ్గర పనిచేసేవాళ్లకు తగిలే వేడి అంతకంటే ఎక్కువే.

చెమట కనిపించదు

కోస్తాలో ఉక్కపోతకు చొక్కా తడిసిపోతుంది. ముద్దనూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చెమట పట్టీపట్టకముందే ఆరిపోతుంది. ఒంట్లో నీరు పోతున్న సంగతే తెలియదు. దాహం వేసేదాకా ఆగొద్దు. మూత్రం ముదురు పసుపు రంగులోకి మారితే నీళ్లు చాలడం లేదని అర్థం. మజ్జిగ, అంబలి, ఉప్పేసిన గంజి అన్నీ పనికొస్తాయి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు, మూత్రం ఎక్కువగా వచ్చే బీపీ మాత్రలు వాడేవాళ్లు ఎంత తాగాలో డాక్టర్‌ను ముందే అడగాలి.

ఓఆర్ఎస్ విషయంలో ఒక మాట. ఆ పేరుతో దుకాణాల్లో అమ్మిన తీపి పానీయాలన్నీ ఓఆర్ఎస్ కావు. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీనిపై ఏళ్ల తరబడి పోరాడారు. చివరకు 2025 అక్టోబర్‌లో దేశ ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాలపై ఓఆర్ఎస్ అన్న పేరు వాడొద్దని ఆదేశించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న 20.5 గ్రాముల ప్యాకెట్ తీసుకోండి. మొత్తాన్నీ ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసులో కొంచెం కొంచెం వేసుకుంటే ఉప్పు, చక్కెర పాళ్లు తప్పుతాయి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి.

నీరసమా, వడదెబ్బా?

తల తిరగడం, వాంతి వచ్చినట్టుండటం, కండరాలు పట్టేయడం నీరసం దశ. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఓఆర్ఎస్ తాగిస్తే చాలామంది తేరుకుంటారు. మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా, ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా అది వడదెబ్బే అనుకుని కదలాలి. ఒంటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి మెదడుకు తగులుతోందన్నమాట. చర్మం పొడిగా ఉంటేనే వడదెబ్బ అనుకోవద్దు. పని చేస్తూ కూలిపోయినవాళ్ల ఒళ్లు చెమటతో తడిసి ఉండొచ్చు.

ముద్దనూరు చుట్టుపక్కల పల్లెల నుంచి పెద్దాసుపత్రి కోసం ప్రొద్దుటూరు వెళ్లాలన్నా, కడప వెళ్లాలన్నా దారిలో చాలా సమయం పోతుంది. అందుకే 108కు ఫోన్ చేయించి, మీరు వెంటనే చల్లబరచడం మొదలుపెట్టాలి. తల నుంచి కాళ్ల దాకా నీళ్లు పోస్తూ గట్టిగా విసరండి. మెడ, చంకలు, గజ్జల్లో ఐసు గానీ తడిగుడ్డలు గానీ పెట్టండి. నీళ్ల తొట్టి ఉంటే తల పైకి పట్టుకుని అందులో కూర్చోబెట్టొచ్చు. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసెటమాల్ పనిచేయదు, ఇది జ్వరం కాదు. అంబులెన్స్ ఎక్కించాక కూడా చల్లబరచడం ఆపొద్దు.

ఊరికి దూరంగా ఉంటే

గది ఉష్ణోగ్రత 40 దాటితే ఫ్యాన్ వేడి గాలినే కొడుతుంది. ఒంటి మీద తడిగుడ్డ ఉంటేనే ఉపయోగం. పొడి గాలి ఉన్న ఈ ప్రాంతంలో కూలర్ బాగా పనిచేస్తుంది. పగలంతా కాగిన మిద్దె రాత్రంతా వేడి వదులుతూనే ఉంటుంది కాబట్టి ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లకు సాయంత్రం తర్వాతా ముప్పు ఉంటుంది.

బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉన్నవాళ్లు మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి ఇంటికి ఫోన్ చేయండి. 'బాగున్నావా అమ్మా' అంటే 'బాగున్నా' అనే అంటారు. అన్నం ఎప్పుడు తిన్నారు, ఏం కూర చేశారు అని అడిగి మాట ఎలా ఉందో వినండి. తేడా అనిపిస్తే మీరు 108కు చేయొద్దు, ఆ కాల్ మీరున్న రాష్ట్రం కంట్రోల్ రూమ్‌కే వెళ్తుంది. పక్కింటివాళ్లతో చేయించండి. ఆ నంబర్ ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి.