ఆరోగ్యవరం నుంచి ఆర్‌ఎన్‌ఏ టీకా దాకా

మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915లో క్షయరోగుల శానిటోరియం వెలిసింది. డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోడ్ట్-మోలర్ దాన్ని తీర్చిదిద్దాడు. క్షయకు మందు లేని రోజులవి. మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి, ఇదే వైద్యం. 1948లో మన దేశంలో క్షయ నిరోధక బీసీజీ టీకా తొలిగా వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి. ఆ టీకా అంటే బలం తగ్గించిన బతికున్న సూక్ష్మజీవే. 2021లో మదనపల్లె, పుంగనూరు, కుప్పం జనానికి అందిన కోవిడ్ టీకా కోవాక్సిన్‌లోనూ ఉన్నది చంపిన పూర్తి వైరసే. సూక్ష్మజీవిని పక్కనపెట్టి, దాని ఆర్‌ఎన్‌ఏ సందేశంలో ఒక్క ముక్కతోనే టీకా చేయాలంటే ఆ సందేశం ఎలా పనిచేస్తుందో ముందు తెలియాలి.

కోవిడ్ వైరస్ ఆర్‌ఎన్‌ఏ దాదాపు 29,900 అక్షరాల పొడవు. మొదటి 265 అక్షరాల నుంచి వైరస్ ప్రోటీన్ ఏదీ పుట్టదు. చివర్లోనూ అలాంటి భాగమే ఉంది. వీటిని యూటీఆర్‌లు అంటారు. 1980ల తొలినాళ్లలో ఎలుకల కరోనా వైరస్‌ను పరిశీలించిన అమెరికా, నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలకు ఒక విశేషం కనబడింది. వైరస్ తయారుచేసే సందేశాలన్నిటికీ మొదట్లో సుమారు 70 అక్షరాల ఒకే వరుస ఉంది.

కోవిడ్ వైరస్‌లోనూ అలాంటి వరుస ఉంది, అది చేసే మేలు వైరస్‌కు చాలా పెద్దది. కణంలో చేరగానే వైరస్ చేయించుకునే తొలి ప్రోటీన్లలో ఎన్‌ఎస్‌పీ1 ఒకటి. ప్రోటీన్లు తయారయ్యే రైబోజోమ్‌లో సందేశం దూరే దారికి దాని కొస అడ్డుపడుతుందని 2020లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిత్రాలు చూపించాయి. దాంతో కణం సొంత ప్రోటీన్ల తయారీ పడిపోతుంది. వైరస్‌ను ఎదిరించాల్సిన ఇంటర్‌ఫెరాన్ కూడా సరిగా తయారుకాదు. వైరస్ సందేశాలు మాత్రం సాగిపోతాయి. మార్కెట్ యార్డు గేటులో చీటీ ఉన్న బండినే వదిలినట్టు, మొదటి యూటీఆర్‌లో, ఆ వరుసలోనే ఉన్న ఎస్‌ఎల్1 అనే చిన్న మడత వాటిని దాటిస్తుంది. ప్రయోగశాలలో ఆ మడతను చెడగొడితే వైరస్ సందేశానికీ ఆ రక్షణ పోతుంది.

టీకా నిపుణులకూ ఈ అంచుల విలువ తెలుసు. ఫైజర్ ఆర్‌ఎన్‌ఏ టీకా సందేశానికి ముందుభాగంగా మనిషి హీమోగ్లోబిన్ జన్యువు యూటీఆర్‌ను ఆధారం చేసుకున్నారు. 2022లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ ఆవరణలోని పరిశోధకులు సొంతంగా ఆర్‌ఎన్‌ఏ టీకా రూపొందించి, ఎలుకల్లో రోగనిరోధక స్పందన రాబట్టారు.

మహమ్మారి రాకముందే, తక్షణ లాభమేమీ కనబడని ఎలుకల వైరస్‌పై ఎవరో ఓపికగా పనిచేశారు కాబట్టే 2020లో శాస్త్రం ఓనమాల నుంచి మొదలుపెట్టాల్సిన అవసరం రాలేదు. అలాంటి పనికి మామూలు రోజుల్లోనే డబ్బూ సమయమూ ఇవ్వడం ప్రజారోగ్యానికి పునాది.