ఇంటికి, పశువుల పాకకు జనరేటర్: డీజిలా, గ్యాసా?

తుపానుకు స్తంభాలు కూలినా, వేసవిలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయినా పల్లెల్లో కరెంటు తిరిగి రావడానికి ఒక్కోసారి రోజులు పడుతుంది. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న శ్రీకాకుళం జిల్లాలో తీరం దాటిన తిత్లీ తుపాన్ల తరువాత చాలా గ్రామాలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటప్పుడు అన్నిటికన్నా ముందు వచ్చే ఇబ్బంది నీళ్లది. పాలిచ్చే గేదె ఒక్కటే రోజుకు 50 లీటర్లకు పైగా నీరు తాగుతుంది. నాలుగు గేదెలున్న ఇంట్లో మోటారు నడవకపోతే ఆ నీటిని చేదలతో మోయాల్సిందే.

అందుకే చాలామంది రైతులు సొంతంగా జనరేటర్ కొనాలనుకుంటున్నారు. డీజిల్‌ది కొనాలా, గ్యాస్‌ది కొనాలా అన్నది తరచూ ఎదురయ్యే ప్రశ్న. దానికి జవాబు జనరేటర్‌తో ఏమేమి నడపాలన్న దాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి ముందు లోడు లెక్క వేసుకుని, ఆ తరువాత ఇంధనం ఎంచుకోవాలి.

లోడు లెక్క వేసుకునే విధానం

కరెంటు లేనప్పుడు తప్పనిసరిగా నడవాల్సిన వాటినే ఒక కాగితంపై రాసుకోవాలి. నాలుగు గేదెలున్న చిన్న రైతు ఇంటికి లెక్క సుమారుగా ఇలా ఉంటుంది:

- ఎల్ఈడీ బల్బులు 5: 45 వాట్లు
- సీలింగు ఫ్యాన్లు 3: 225 వాట్లు
- టీవీ: 80 వాట్లు
- ఫ్రిజ్: 150 వాట్లు
- ఇంటి నీటి మోటారు, అర హెచ్‌పీ: 550 వాట్లు
- చాఫ్ కట్టర్, 2 హెచ్‌పీ: 2,000 వాట్లు

మొత్తం 3,050 వాట్లు. జనరేటర్ సామర్థ్యాన్ని కేవీఏలో చెబుతారు. ఒక కేవీఏకు సుమారు 800 వాట్ల చొప్పున లెక్కిస్తే 4 కేవీఏ సరిపోతుందనిపిస్తుంది. కానీ మోటారు స్టార్ట్ అయ్యే క్షణంలో మామూలుగా తీసుకునే కరెంటుకు ఎన్నో రెట్లు లాగుతుంది. నేరుగా స్టార్ట్ చేసే త్రీఫేజ్ మోటార్లలో ఇది 5 నుంచి 7 రెట్ల దాకా ఉంటుంది. జనరేటర్ ఆ దెబ్బకు తట్టుకోలేకపోతే వోల్టేజి పడిపోతుంది, మోటారు తిరగక వైండింగు వేడెక్కి కాలిపోతుంది. కాబట్టి పైన చెప్పిన ఇంటికి 7.5 కేవీఏ తీసుకోవడం మంచిది. పెద్ద మోటారును ముందు స్టార్ట్ చేసి, అది వేగం అందుకున్న తరువాతే మిగతావి ఒక్కొక్కటిగా వేయాలి.

5 హెచ్‌పీ త్రీఫేజ్ సబ్‌మెర్సిబుల్ బోరు కూడా నడపాలంటే 10 నుంచి 15 కేవీఏ త్రీఫేజ్ జనరేటర్ కావాలి. స్టార్ డెల్టా స్టార్టర్ ఉంటే స్టార్టింగు భారం తగ్గుతుంది. ఆ వివరం డీలరుకు చెప్పి, మోటారు నేమ్‌ప్లేట్ ఫొటో చూపించి సామర్థ్యం ఖాయం చేసుకోవాలి.

ఇన్వర్టరుతో సరిపోతుందా?

మూడు ఫ్యాన్లు, ఐదు బల్బులు మూడు నాలుగు గంటలు నడిస్తే చాలనుకునే ఇంటికి జనరేటర్ అవసరం లేదు. 150 యాంపియర్ అవర్ బ్యాటరీ ఉన్న ఇన్వర్టరు ఆ పని చేస్తుంది. దానికి శబ్దం, పొగ ఉండవు. మోటారు నడపాలన్నా, రోజుల తరబడి కరెంటు లేని పరిస్థితికి సిద్ధపడాలన్నా మాత్రం జనరేటర్ కావాలి.

ఇంటిపై సోలార్ పలకలున్నవారు ఒక విషయం గమనించాలి. బ్యాటరీ లేకుండా లైనుకు కలిపిన సోలార్ ఇన్వర్టరు, లైన్లో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. అది లైనుపై పనిచేసేవారి రక్షణ కోసం పెట్టిన ఏర్పాటు.

డీజిల్ జనరేటర్

మోటారు లోడును తట్టుకోవడంలో డీజిల్ ఇంజనుదే పైచేయి. ఇంధనం దగ్గరలోని బంకులోనే దొరుకుతుంది, పాడైతే బాగుచేసే మెకానిక్ మండల కేంద్రంలోనే ఉంటాడు. నిమిషానికి 1,500 చుట్లు తిరిగే నీటి శీతల ఇంజను, 3,000 చుట్లు తిరిగే చిన్న గాలి శీతల ఇంజను కన్నా ఎక్కువ కాలం మన్నుతుంది, శబ్దమూ తక్కువ. ఎక్కువ గంటలు నడిపేవారు 1,500 చుట్లదే ఎంచుకోవాలి.

డీజిల్‌కు రెండు బలహీనతలున్నాయి. మొదటిది, సామర్థ్యంలో మూడో వంతు కన్నా తక్కువ లోడుతో గంటల తరబడి నడిపితే ఇంధనం పూర్తిగా కాలక సైలెన్సరులో మసి, జిడ్డు పేరుకుంటాయి. పెద్దది కొనిపెట్టి రాత్రంతా నాలుగు బల్బులకు నడపడం ఇంజనుకు చేటు. రెండోది, ట్యాంకులో నెలల తరబడి ఉంచిన డీజిల్ అడుగున నీరు చేరి, నాచులాంటి పదార్థం పెరిగి ఫిల్టరు మూసుకుపోతుంది. ఆరు నెలలకోసారి పాత డీజిల్‌ను ట్రాక్టరులో వాడేసి కొత్తది పోసుకోవాలి.

గ్యాస్ జనరేటర్

అమెరికాలో చాలా పల్లె ఇళ్ల పెరట్లో పెద్ద ప్రొపేన్ ట్యాంకు ఉంటుంది, జనరేటర్ దానితోనే నడుస్తుంది. ఇంటర్నెట్‌లో కనిపించే సలహాలు చాలావరకు అలాంటి ఇళ్ల కోసం రాసినవి. మనకు దొరికేది ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన ఎల్పీజీ, అదీ సిలిండర్లలో. ఇంట్లో వంటకు ఇచ్చే 14.2 కిలోల సిలిండర్‌ను జనరేటర్‌కు వాడటం చట్టవిరుద్ధం. 19 కిలోల వాణిజ్య సిలిండర్ తీసుకోవాలి.

గ్యాస్‌కు ఉన్న గొప్ప సుగుణం, అది ఎన్నేళ్లున్నా చెడిపోదు. పొగ తక్కువ, ఇంజను లోపల మసి పట్టదు. ఏడాదికి కొన్ని గంటలు మాత్రమే నడిచే చిన్న జనరేటర్‌కు ఇది బాగా నప్పుతుంది.

ఇబ్బంది లోడు పెరిగినప్పుడు వస్తుంది. సిలిండర్‌లోని ద్రవం ఆవిరై బయటకు రావాలి. వేగంగా లాగితే సిలిండర్ చల్లబడి, పైన మంచు పట్టి, గ్యాస్ ఒత్తిడి తగ్గిపోతుంది. 5 కేవీఏ గ్యాస్ జనరేటర్‌ను నిండు లోడుతో ఆపకుండా నడపాలంటే ఒక్క సిలిండర్ చాలదు, రెండు మూడింటిని కలిపి బిగించాల్సి ఉంటుంది. తుపాను తరువాత రోడ్లపై చెట్లు పడితే గ్యాస్ బండి ఊళ్లోకి రాలేదన్నదీ గుర్తుంచుకోవాలి.

యూనిట్‌కు ఎంత పడుతుంది?

చిన్న డీజిల్ జనరేటర్ లీటరుకు రెండున్నర నుంచి మూడు యూనిట్లు ఇస్తుంది. చిన్న గ్యాస్ జనరేటర్ కిలోకు రెండు నుంచి రెండున్నర యూనిట్లు ఇస్తుంది. లెక్క తేలికగా ఉండటానికి లీటరు డీజిల్ 100 రూపాయలు, కిలో వాణిజ్య గ్యాస్ 100 రూపాయలు అనుకుందాం. అప్పుడు డీజిల్‌తో యూనిట్‌కు 33 నుంచి 40 రూపాయలు, గ్యాస్‌తో 40 నుంచి 50 రూపాయలు ఇంధనానికే అవుతాయి. ధరలు మారుతుంటాయి కాబట్టి కొనే రోజు ధరతో ఇదే లెక్క మళ్లీ వేసుకోవాలి. ఏ ఇంధనమైనా ఇది లైను కరెంటు కన్నా ఎన్నో రెట్లు ఖరీదు. రోజూ పైరు తడపడానికి జనరేటర్‌పై ఆధారపడితే వ్యవసాయం గిట్టదు.

ఎవరికి ఏది మేలు?

- ఫ్యాన్లు, లైట్లు మాత్రమే: ఇన్వర్టరు.
- ఫ్రిజ్, టీవీ, అర హెచ్‌పీ మోటారు, ఏడాదిలో కొద్ది గంటలే వాడకం: 3 కేవీఏ గ్యాస్ జనరేటర్. వాణిజ్య సిలిండర్ క్రమంగా దొరికే ఊరైతేనే.
- చాఫ్ కట్టర్, బోరు, కోళ్ల షెడ్డు ఫ్యాన్లు, చెరువులో ఏరేటర్లు: డీజిల్.
- రెండు మూడేళ్లకోసారి మాత్రమే అవసరం: టెంట్ హౌస్‌లో అద్దెకు తీసుకోవచ్చు. నలుగురు రైతులు కలిసి ఒకటి కొనుక్కోవడం కూడా మంచి మార్గం.

ఎక్కువమంది చిన్న రైతులకు అవసరం మోటారుతోనే ఉంటుంది కాబట్టి డీజిల్ వైపే మొగ్గడం సబబు.

ఛేంజోవర్ స్విచ్ లేకుండా నడపరాదు

కొందరు రెండు చివరలా ప్లగ్గులు బిగించిన వైరుతో జనరేటర్ కరెంటును గోడ సాకెట్‌లోకి పంపుతారు. ఆ కరెంటు మీటరు దాటి లైనులోకి వెళుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌లో అది తిరగబడి 11,000 వోల్టుల లైనుకు ఎక్కుతుంది. లైను చచ్చి ఉందనుకుని స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం పోతుంది. కరెంటు వచ్చిన క్షణంలో జనరేటర్ కూడా కాలిపోతుంది.

మీటరు తరువాత ఛేంజోవర్ స్విచ్ తప్పనిసరిగా పెట్టించాలి. సింగిల్ ఫేజ్‌కు రెండు పోల్స్‌ది, త్రీఫేజ్‌కు నాలుగు పోల్స్‌ది తీసుకుంటే న్యూట్రల్ కూడా విడిపోతుంది. జనరేటర్ బాడీకి ఎర్తింగు చేయించాలి. త్రీఫేజ్ అయితే మోటారు తిరిగే దిశ సరిచూడాలి. ఫేజులు తారుమారైతే బోరు మోటారు వెనక్కి తిరిగి నీళ్లు తక్కువ పోస్తుంది.

పొగతో ప్రాణాపాయం

డీజిల్‌దైనా, గ్యాస్‌దైనా జనరేటర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు, వాసన లేవు. వాన పడుతోందని వరండాలోనో, వంటింటి పక్క గదిలోనో పెట్టి నడిపితే నిద్రలోనే ప్రాణాలు పోతాయి. ఇంటి కిటికీలు, తలుపులకు కనీసం 20 అడుగుల దూరంలో, పైన రేకు వేసి, పక్కలు తెరిచి ఉన్న చోట పెట్టాలి. పశువుల పాకలోనూ పెట్టరాదు. తలనొప్పి, తల తిరగడం, వాంతులు కనిపిస్తే వెంటనే అందరూ బయటి గాలిలోకి వచ్చి 108కి ఫోన్ చేయాలి.

ఎల్పీజీ గాలి కన్నా బరువు. లీకైతే నేలబారున పాకి గుంటల్లో నిలుస్తుంది. కాబట్టి సిలిండర్‌ను పల్లంలో, గోతిలో ఉంచకుండా ఎత్తైన గట్టుపై నిలువుగా ఉంచాలి. వాసన వస్తే స్విచ్‌లు ముట్టుకోకుండా, వీలైతే సిలిండర్ వాల్వు కట్టేసి బయటకు వచ్చి 1906కు ఫోన్ చేయాలి.

కొనేటప్పుడు, కొన్న తరువాత

- కొత్తదైతే 2023 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన సీపీసీబీ 4 ప్లస్ ముద్ర ఉందో లేదో చూడాలి. డీజిల్ సెట్టు శబ్దం మీటరు దూరంలో 75 డెసిబెల్స్ దాటకూడదు.
- పాతదైతే చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలి. ముందే వేడి చేసి ఉంచిన ఇంజనుతో లోపం బయటపడదు. తరువాత మోటారు వేసి చూడాలి. వోల్టేజి 230 లేదా 415, ఫ్రీక్వెన్సీ 50 దగ్గర నిలబడాలి. నీలి పొగ వస్తే ఇంజను ఆయిల్ కాలుతోందని అర్థం.
- పదిహేను రోజులకోసారి 20 నిమిషాలు లోడుతోనే నడపాలి. అవసరానికి స్టార్ట్ కాకపోవడానికి ఎక్కువసార్లు కారణం బ్యాటరీ చచ్చిపోవడమే.
- తుపాను హెచ్చరిక వచ్చిన రోజే రెండు రోజులకు సరిపడా ఇంధనం తెచ్చుకోవాలి. కరెంటు పోతే బంకులో పంపు కూడా ఆగిపోవచ్చు.

డబ్బు కట్టేముందు మీ సెక్షన్ ఆఫీసులో ఏఈ గారిని కలిసి, తీసుకోబోయే కేవీఏకు అనుమతి కావాలేమో అడగాలి. ఛేంజోవర్ స్విచ్, వైరు, ఎర్తింగు ఖర్చును జనరేటర్ ధరతో పాటే లెక్కలో వేసుకోవాలి. డబ్బు సరిపోకపోతే వాటిని వదిలేయకుండా జనరేటర్ కొనుగోలునే వచ్చే పంట దాకా వాయిదా వేసుకోవడం మంచిది.