మెక్సికో నగరపు హృద్రోగ సంస్థ

వైద్యశాలకు రోగులు వత్తురు, చికిత్స పొంది పోదురు. అచ్చట గణితమునకును చిత్రకళకును ఏమి పని యని మీరడుగవచ్చును. నేనును మొదట నట్లే యనుకొంటిని. మెక్సికో జాతీయ హృద్రోగ సంస్థ చరిత్ర చదివిన పిదప నా యభిప్రాయము మారినది.

1944వ సంవత్సరము ఏప్రిలు 18వ తేదీన ఆ సంస్థ ప్రారంభింపఁబడెను. దానిని నెలకొల్పినవాఁడు ఇగ్నాసియో చావెజ్ అను వైద్యుఁడు. లోకమంతయు యుద్ధములో మునిఁగియున్న ఆ కాలమున, ఒక పేదదేశము గుండెజబ్బులకై ప్రత్యేక సంస్థ కట్టుట విలాసము కాదా? చావెజ్ తలఁపు వేఱు. రోగుల మంచములును, ప్రయోగశాలలును, పాఠశాలయు ఒక్క కప్పు క్రింద నుండవలె నని ఆయన పట్టుపట్టెను. నాకును అదియే న్యాయముగాఁ దోఁచుచున్నది. పేదయిండ్ల పిల్లల గుండె కవాటములను చెఱచు కీళ్లవాతజ్వరము వంటి వ్యాధిని ధనికదేశములవారు మనకొఱకై ఎంతకాలము పరిశోధింతురు? విద్యను ఎల్లకాలము ఎరువు తెచ్చుకొన వలనుపడదు.

చావెజ్ ప్రసిద్ధ చిత్రకారుఁడగు డియేగో రివేరాను పిలిపించి, హృదయశాస్త్ర చరిత్రను రెండు పెద్ద కుడ్యచిత్రములుగా వ్రాయించెను. వానిలో మంటలలోఁ గాలుచున్న మనుష్యుఁ డొకఁడు కానవచ్చును. అతఁడు మైకేల్ సెర్వెటస్. రక్తము గుండె కుడిభాగమునుండి ఊపిరితిత్తుల ద్వారా ఎడమభాగమునకు చేరునని 1553లో వ్రాసెను. ఆ యేఁడే జెనీవాలో నాతనిని సజీవముగా దహించిరి. నిజము చెప్పవలె నన్న, అది మతాభిప్రాయములకు విధించిన శిక్షయే కాని రక్తమును గూర్చి చెప్పినందులకుఁ గాదు. అయినను ఆ మతగ్రంథముతోపాటు రక్తమార్గమును గూర్చిన మాటయు మంటల పాలయ్యెను.

ఇఁక గణితము మాట. హార్వర్డునుండి వచ్చిన ఆర్టూరో రోసెన్‌బ్లూత్ ఇచ్చట శరీరధర్మశాస్త్ర విభాగమును నడిపెను. ఆయన మిత్రుఁడు నార్బర్ట్ వీనర్ గణితవేత్త. గుండె కండరములో ప్రేరణ యెట్లు ప్రాఁకునో, అది సుడిగా తిరిగినపుడు లయ యెట్లు చెడునో ఇరువురును గణితరీత్యా విచారించి 1946లో ప్రకటించిరి. 1948లో వెలువడిన వీనరుని ‘సైబర్నెటిక్స్’ గ్రంథము రోసెన్‌బ్లూత్‌కే అంకితము. దాని పీఠిక చివర నున్నదియు ఈ సంస్థ పేరే. రోగి మంచమునకు కొన్ని అడుగుల దూరమున నింతటి యాలోచన సాగినది!

1976లో సంస్థ నగర దక్షిణభాగమునందలి త్లాల్పాన్‌కు తరలినది. రివేరా చిత్రములను విడిచిపెట్టలేదు, వెంటఁ గొనిపోయిరి. మూఁడేండ్లకు, 1979లో, చావెజ్ కన్నుమూసెను. చిత్రములు నేఁటికిని ఆ క్రొత్త భవనమునందే యున్నవి.